పెద్దచెరువులో పడవ సరే, రేవు ఎవరిది?

ఆదివారం సాయంత్రం శామీర్‌పేట పెద్దచెరువు కట్టమీద నిలబడి చూచిన వారికి ఒక సంగతి తెలుస్తుంది. పట్నం నుంచి కార్లు వస్తాయి, మోటారు సైకిళ్ళు వస్తాయి. వచ్చినవారు నీళ్ళను చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు, కట్టమైసమ్మకు దండం పెట్టుకునేవారు పెట్టుకుంటారు, తెచ్చుకున్నది తిని పొద్దుగూకే వేళకు వెళ్ళిపోతారు. వాళ్ళు పోయాక కట్టమీద మిగిలేది ప్లాస్టిక్‌ పళ్ళాలు, ఖాళీ సీసాలు. సోమవారం పొద్దున వాటిని ఏరవలసింది ఈ ఊరివారే. చెరువు మనది, చూసే ఆనందం వాళ్ళది, చెత్త తిరిగి మనది.

ఇంతమంది వచ్చే చెరువులో నాలుగు పడవలు వేస్తే బాగుంటుంది గదా అన్న మాట ఎవరికైనా తోచేదే. తోచడం తప్పుకాదు. పడవలు కావలసినవే, వాటికొక రేవూ కావలసినదే. అయితే ఆ రేవు ఊరి చేతిలో వుండాలి. టెండరు పాడుకున్న ఆసామి చేతిలో వుండేటట్లయితే పడవలు లేకుండా వుండడమే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎందుకో చెప్పవలసి వుంది.

ఇటీవల మనవైపు కూడా 'మెరీనా' అన్న మాట వినపడుతున్నది. మెరీనా అనగానే మనకు మద్రాసు సముద్రపుటొడ్డు జ్ఞాపకం వస్తుంది. అసలు అర్థం అది కాదు. పడవలు వచ్చి కట్టేసుకోవడానికి, దిగినవారు ఊళ్ళోకి నడచి పోవడానికి అనువుగా కట్టిన రేవునే మెరీనా అంటారు. మన దేశంలో అటువంటిది కొచ్చిలో బోల్గట్టి దగ్గర వుంది. విదేశాల్లో చిన్న చిన్న సముద్రతీర పట్టణాలవారు తామే సంఘంగా ఏర్పడి, చందాలు వేసుకుని, దారినపోయే పడవలు ఆగడానికి కాసిని చోట్లు కట్టుకుంటారు. వారి లెక్క చాలా తేలిక. ఆగిన పడవలోనివాడు దిగుతాడు, దిగినవాడు అంగడికి పోతాడు, భోజనం చేస్తాడు, ఊరికి నాలుగు డబ్బులు వస్తాయి. రేవు కట్టినది రేవు రుసుము కోసం కాదు, దిగినవాడి కోసం.

మనకు సముద్రం లేదు. కాని మన ముందునుంచి రాజీవ్‌ రహదారి పోతుంది. సిద్దిపేటకు, కరీంనగర్‌కు, వేములవాడ రాజన్న దగ్గరికి పోయే జనమంతా ఈ దారినే పోతారు. వారిలో పదిమందిలో ఒక్కరు అరగంట ఆగినా ఆ అరగంట మన ఊరిదవుతుంది. సముద్రతీరపు చిన్న పట్టణం లెక్కే ఇక్కడా పనికివస్తుంది. పడవకు బదులు కారు, అంతే తేడా.

తొందర ఎందుకు?

ఈ విషయం ఇప్పుడే మాట్లాడుకోవలసి రావడానికి కారణం వుంది. పారడైజ్‌ నుంచి శామీర్‌పేట ఔటర్‌ రింగురోడ్డు కూడలి దాకా ఎత్తు వంతెన దారికి 2024 మార్చి 7న అల్వాల్‌లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. జూబ్లీ బస్‌స్టేషన్‌ నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని కూడా రెండవదశలో చేర్చి రాష్ట్రప్రభుత్వం ప్రతిపాదించింది. ఇవి ఏనాటికి పూర్తి అవుతాయో చెప్పడం జ్యోతిష్యం. అయితే పూర్తి అయిననాడు పట్నానికీ ఈ కట్టకూ మధ్య అరగంట దూరం కూడా వుండదు. ఆనాడు చెరువు గట్టున ఏ బోర్డు పాతివుంటుంది, దానిమీద ఎవరి పేరు వుంటుంది అన్నది ఇప్పటినుంచే తేలవలసిన విషయం.

మన ప్రాంతానికి ఇటువంటి అవకాశం వచ్చి చేజారిన అనుభవం లేకపోలేదు. శామీర్‌పేట, మేడ్చల్‌ వైపు ద్రాక్షతోటలకు ఒకప్పుడు పెద్దపేరు. అనాబ్‌-ఎ-షాహీ ద్రాక్ష అంటే ఈ చుట్టుపక్కల పేర్లే చెప్పుకునేవారు. బావుల్లో నీళ్ళు అడుగంటాయి, భూముల ధరలు ఆకాశానికి ఎక్కాయి, తోటలు పోయి ప్లాట్లు వచ్చాయి, రిసార్టులు వచ్చాయి. నల్సార్‌ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్‌ వ్యాలీ, 2008లో బిట్స్‌ వచ్చాయి. రావలసినవే, వచ్చాయి, సంతోషం. కాని తోట అమ్ముకున్న ఆసామి కొడుకు అదే నేలమీద వేరొకరి ఫారమ్‌హౌస్‌ గేటు దగ్గర కాపలా కూర్చున్న దృశ్యం మనకు కొత్తకాదు. చెరువును మనం అమ్ముకోలేదు. అమ్ముకోవడానికి అది ఎవరి పట్టా కాదు. అయినా చేజారడానికి అమ్మకమే జరగనక్కరలేదు. ఒడ్డున కంచె వేసి, గేటు పెట్టి, టిక్కెట్టు చింపితే చాలు.

పట్నంలో ఏం జరిగిందో చూడండి. గోలకొండ కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు ఒకప్పుడు మాదాపూర్‌ పల్లె పక్కన ఎవరికీ కనపడని చెరువు. ఇప్పుడు దానిమీద 2020లో తీగల వంతెన వచ్చింది, దీపాలు వచ్చాయి, పడవలు వచ్చాయి. 2024లో ఆ చెరువు ఎఫ్‌టీఎల్‌ లోపల వున్నాయంటూ ఇళ్ళ గోడలమీద రెవెన్యూవారు గుర్తులు కూడా వేశారు. పడవలు వచ్చినంత మాత్రాన చెరువు బతికినట్లు కాదు. దీపాల వెలుతురులో శిఖం భూమి ఎంత కరిగిపోయిందో కనపడదు.

ముందు ఎవరి హక్కు?

చెరువు అంటే నీళ్ళు నిలిచిన గుంట కాదు. దానికి కట్ట వుంది, తూము వుంది, మత్తడి వుంది, వెనక శిఖం వుంది, ముందు ఆయకట్టు వుంది. ఒక్కొక్కదాని వెనుక కొందరు మనుషులు వున్నారు. ఆయకట్టు రైతుకు తూము నీళ్ళు ముందు. మత్స్య సహకార సంఘంవారికి చేపలు ముందు. ఇంటి ఆడవారికి సద్దుల బతుకమ్మ నాడు నీళ్ళదాకా దిగే మెట్టు ముందు. మేకలకాపరికి ఎండాకాలంలో మేకలు నీళ్ళు తాగే దారి ముందు. వీరందరి తరువాత వచ్చేది పడవ. ఈ వరుస తప్పితే మటుకు గొడవలు తప్పవు.

చేపల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పడవలతో మొట్టమొదట తగాదా వచ్చేది అక్కడే. వానలు పడి చెరువులోకి నీరు చేరాక చేపపిల్లలను వదలుతారు. రవ్వ, బొచ్చె, బంగారుతీగ వంటివి నెలల తరబడి పెరుగుతాయి. ఎండాకాలానికి నీరు తగ్గుతున్నకొద్దీ వలలు వేసి పడతారు. తెల్లవారుజామున తెప్పమీద పోయి రాత్రి వేసిన వల తీయడం వారి పని. ఆ వలలమీదుగా మోటారు పడవ పోయిందంటే దాని రెక్కలు వలను పీలికలు చేస్తాయి. నీటిమీద నూనె తెట్టు కడుతుంది. శబ్దానికి చేప బెదురుతుంది. కాలక్షేపానికి వచ్చినవాని అరగంట సరదాకు సంఘంవారి సంవత్సరం కష్టం పోతుంది. కనుక ఈ చెరువులో మోటారు పడవ పనికిరాదు. తెడ్డు పడవలు, కాలితో తొక్కే పడవలు చాలు. రక్షణకోసం ఒక్క మోటారు పడవ ఒడ్డున కట్టివుంచాలి, అది ఆపదలో తప్ప కదలరాదు.

ఇక చేపల హక్కుమీద ముదిరాజ్‌లకు, గంగపుత్రులకు మధ్య రాష్ట్రమంతటా వున్న తగవు అందరికీ తెలిసిందే. ఆ తగవులో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పనికాదు. పడవల పేరుతో అందులోకి మూడో తగవు తేకుండా వుంటే చాలు. రేవు సంఘంలో చేపలు పట్టేవారికి, ఆయకట్టు రైతులకు, మహిళా సంఘాలకు, చదువుకుని పనిలేక వున్న యువకులకు చోటు వుండాలి. ఏ ఒక్క వర్గానిదీ పైచేయి కాకూడదు.

సంఘం నడుస్తుందా?

'మనవాళ్ళు కలిసి సంఘం నడపడమా, మూడునెలలకు ముక్కలవుతుంది' అనేవారు ప్రతి ఊళ్ళోనూ వుంటారు. వారి మాటలో అసలు నిజం లేదని చెప్పలేము. అయితే ఇదే రహదారి పట్టుకుని సిద్దిపేట పోయి, అక్కడినుంచి హుస్నాబాద్‌ దాటితే ముల్కనూరు వస్తుంది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పూనికతో అక్కడ మొదలైన సహకార సంఘం ఈనాటికీ నడుస్తున్నది. అక్కడి మహిళలు 2000 సంవత్సరంలో తమ పాలడెయిరీని తామే మొదలుపెట్టుకున్నారు. వారు మనకంటె ధనవంతులు కారు, మనకంటె ఎక్కువ చదివినవారూ కారు. లెక్కలు అందరికీ కనపడేటట్లు రాశారు, అప్పు తీసుకున్నవాడు తిరిగి కట్టాడు. అంతకంటె వేరే మంత్రం లేదు. పైగా 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చిన తరువాత సర్కారు వాటాధనం లేకుండా, సర్కారు పెత్తనం లేకుండా సభ్యులే సంఘం పెట్టుకోవచ్చును.

పడవల విషయంలో దగ్గరి ఉదాహరణ కావాలంటే వికారాబాద్‌ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టు వుంది. చుట్టుపక్కల పల్లెల యువకులే అక్కడ వచ్చినవారికి చిన్న కయాక్‌ పడవలు ఇచ్చి తెడ్డువేయడం నేర్పుతూ వచ్చారు. పట్నంవారు సెలవురోజుల్లో అంత దూరం వెతుక్కుంటూ పోయారు. శామీర్‌పేట అంతకంటె ఎంతో దగ్గర.

డబ్బు సంగతి దాచకుండా చెప్పుకోవాలి. పడవలు పెడితే ఊరు బంగారం అవుతుందని చెప్పేవారిని నమ్మకండి. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఇద్దరు పట్టే తెడ్డు పడవలు 10 వున్నాయనుకోండి. అరగంటకు ఒక వంతు చొప్పున ఆదివారం 8 గంటలు తిరిగితే 320 మంది ఎక్కవచ్చు. మనిషికి 50 రూపాయలు పెడితే 16,000 రూపాయలు. ఎప్పుడూ నిండవు కనుక సగం అనుకుందాం, 8,000. వానలు, నీరు తగ్గిన నెలలు తీసివేస్తే సంవత్సరంలో 30 ఆదివారాలు దొరుకుతాయనుకుందాం. అంటే 2,40,000 రూపాయలు. పడవల దగ్గర 8 మంది పనిచేస్తే రోజుకు 600 చొప్పున ఆ 30 రోజులకు కూలి 1,44,000. మిగిలేది 96,000. దానిలోనుంచి పడవల మరమ్మతు, బీమా, లైఫ్‌ జాకెట్లు, కట్ట శుభ్రం చేయించడం అన్నీ జరగాలి. అంటే పడవలమీద లాభం దాదాపు లేనట్లే.

ఈ లెక్క చూచి నిరుత్సాహపడవలసిన పనిలేదు. సముద్రతీరపు పట్టణంవారి లెక్క ఇక్కడ మళ్ళీ జ్ఞాపకం చేసుకోవాలి. రాబడి పడవలో లేదు, పడవ ఎక్కడానికి వంతుకోసం కూర్చున్నవాడి ఆకలిలో వుంది. కాల్చిన మక్కకంకి, సర్వపిండి, మిర్చీ, ఈ చెరువులోనే పట్టిన చేప వేపుడు. వీటిని అమ్మే చోటు మహిళా సంఘాలకే కేటాయిస్తే ఆ డబ్బు ఏ గుత్తేదారు లెక్కలోకీ పోదు, సాయంత్రానికి ఇంటికే చేరుతుంది. ఇప్పుడు కారులో వచ్చినవాడు తినేది పట్నంనుంచి పొట్లంలో తెచ్చుకున్నదే. కొనాలన్నా మన దగ్గర కూర్చోబెట్టి పెట్టే చోటు లేదు. వ్యాపారం తెలియదనుకోవడం పొరపాటు, చోటు లేదంతే.

ప్రాణాల లెక్క

ఇంతవరకు చెప్పింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నీళ్ళదగ్గర నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో మన రాష్ట్రాలు పదేపదే చూశాయి. 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర అనుమతిలేని పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతున్న లాంచీ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి 50 మందిదాకా ప్రాణాలు పోయాయి. 2024 జనవరి 18న గుజరాత్‌లో వడోదర హర్ణి చెరువులో విహారయాత్రకు పోయిన బడిపిల్లలు 12 మంది, ఉపాధ్యాయినులు ఇద్దరు మునిగిపోయారు. అది నది కాదు, మన చెరువువంటి చెరువే. పట్టవలసినదానికంటె ఎక్కువమందిని ఎక్కించారు, చాలామందికి లైఫ్‌ జాకెట్లు లేవు. 2025 ఏప్రిల్‌లో వికారాబాద్‌ దగ్గర సర్పన్‌పల్లి ప్రాజెక్టులో ఒక రిసార్టు పడవ తిరగబడి ఇద్దరు స్త్రీలు చనిపోయారు. పడవే లేకపోయినా ప్రాణాలు పోతున్నాయి. 2025 జనవరి 11న మన పొరుగునే కొండపోచమ్మ సాగర్‌లో దిగిన పట్నం యువకులు ఐదుగురు మునిగి మరణించారు. మన చెరువులోనూ ఈతకు దిగి పోయినవారి కథలు ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

అయితే కచ్చులూరులో ఇంకో సంగతి కూడా జరిగింది. మునుగుతున్న లాంచీనుంచి బతికి బయటపడిన 26 మందిలో చాలామందిని ఒడ్డుకు చేర్చింది నదిపక్క పల్లెవారు. తమ చిన్న పడవలు తోసుకుని వారే ముందు వెళ్ళారు. అడుగున చిక్కుకున్న లాంచీని 38వ రోజున పైకి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. నీటి పోకడ తెలిసినవాడు ఒడ్డున వుండడం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తున్నది. టెండరు పాడుకున్న ఆసామి గేటు దగ్గర టిక్కెట్లు చింపడానికి జీతగాణ్ణి పెడతాడు. ఆ జీతగాడికి ఈ చెరువులో ఎక్కడ లోతు, ఎక్కడ బురద, ఎక్కడ పాత బావి, ఎక్కడ మొద్దులు వున్నాయో తెలియదు. చిన్ననాటినుంచి తెప్ప వేసినవాడికి తెలుసు. పడవల దగ్గర పనిచేసేవారు ఈ చెరువులో పెరిగినవారే కావాలని అనడం ఊరి అభిమానంతో కాదు, ప్రాణభయంతో.

చట్టం కూడా ఇందుకు అడ్డం కాదు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన దేశీయ జలయానాల చట్టం మోటారు పడవలకు నమోదు, తనిఖీ, బీమా తప్పనిసరి చేసింది. మోటారు లేని పడవల నమోదును పంచాయతీలవంటి స్థానిక సంస్థలకు అప్పగించే వీలు కూడా అందులో వుంది. ఆ వీలును ఉపయోగించుకోవడం మన చేతిలో పని.

కట్టేది ఎట్లా?

రేవు అనగానే సిమెంటు మెట్లు, ఇనుప కమాను, శిలాఫలకం అనుకుంటారు. అవేవీ అక్కరలేదు. ఈ చెరువు సంవత్సరం పొడుగునా ఒకే మట్టంలో వుండేది కాదు. వానలకు పెరుగుతుంది, ఎండలకు ఒడ్డు వదలి లోపలికి పోతుంది. సిమెంటు రేవు కట్టిన మూడు నెలలకు దానిముందు నీళ్ళకు బదులు బురద వుంటుంది. గాలి నింపి మూతి బిగించిన పీపాలమీద పలకలు బిగించిన తేలుడు రేవు అయితే నీటితోపాటు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, నీరు వెనుకకు పోతే లాక్కుని పోవచ్చు. పెద్ద ఇంజనీరు కూడా అక్కరలేదు, మంచి వడ్రంగి, మంచి వెల్డింగు పనివాడు చాలు. నీటిపారుదల శాఖవారు చూచి సరే అనాలి.

అది తూముకు, మత్తడికి దూరంగా వుండాలి. మత్తడి దూకేటప్పుడు ఆ పక్క నీటి లాగుడు తెడ్డుకు లొంగదు. మత్తడి పారుతున్న రోజుల్లో పడవలు ఒడ్డెక్కవలసిందే, ఎంత పెద్దమనిషి సిఫారసు తెచ్చినా సరే. కట్టను తవ్వకూడదు, కట్టమీద గది కట్టకూడదు. శిఖంలో గజం భూమి కూడా 'పర్యాటకం' పేరుతో మెరక చేయకూడదు. అసలు రేవు వేయడానికి ముందే ఎఫ్‌టీఎల్‌ రాళ్ళు పాతించమని సంఘం పట్టుపట్టాలి. రాళ్ళు పడిన తరువాతే మొదటి పడవ. ఊరికి దీనివల్ల కలిగే అసలైన లాభం ఇదేనేమో. ప్రతి ఆదివారం చెరువుమీద తిరిగే మనవాళ్ళ కళ్ళు వుంటే రాత్రికి రాత్రి టిప్పర్లతో మట్టిపోసే పని అంత సులువు కాదు.

ఇంకొక్క షరతు. పడవకు టిక్కెట్టు పెట్టండి, బండి నిలిపే చోటుకు రుసుము పెట్టండి. కట్టకు మాత్రం టిక్కెట్టు వద్దు. తాతలనాటి కట్టమీద నడవడానికి మన పిల్లవాడు, బతుకమ్మ పట్టుకున్న మన ఆడబిడ్డ గేటు దగ్గర నిలబడే గతి రాకూడదు. ఈ ఒక్క షరతు సంఘం నియమావళిలో మొదటి వాక్యంగా రాయించుకోవాలి. తరువాత వచ్చే కార్యవర్గాలు దాన్ని మార్చలేకుండా, మార్చాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకుని తీరాలని కూడా రాయాలి.

పది పడవలతో మొదలుపెట్టవలసిన పనిలేదు. వానలు వెలిసి చెరువులో నీరు నిలిచాక, దసరా తరువాత, రెండు పడవలతో ఒక కాలం నడిపి చూడవచ్చు. రెండు పడవలు, ఇరవై లైఫ్‌ జాకెట్లు, నాలుగు తినుబండారాల బల్లలు, చెత్తకు డబ్బాలు. వచ్చిన డబ్బు, పోయిన డబ్బు ప్రతి సోమవారం కట్టదగ్గర పలకమీద రాసిపెట్టాలి. సంక్రాంతి నాటికి నడుస్తుందో లేదో తేలిపోతుంది. నడవకపోతే పడవలు కోట్‌పల్లివారికైనా అమ్ముకోవచ్చు.

పర్యాటక శాఖవారుగాని, నీటిపారుదల శాఖవారుగాని ఈ చెరువు విషయంలో ఏ టెండరు పిలిచే ముందైనా ఊరివారితో కట్టదగ్గర ఒక బహిరంగ సభ జరపాలి. మత్స్య సంఘంవారిని, ఆయకట్టు రైతులను, మహిళా సంఘాలను పేరుపేరునా పిలవాలి. జిల్లా కలెక్టరుగారు ఇందుకు పూనుకోవలసిందిగా కోరుతున్నాము. ఆ సభ ఆదివారం కాక మరో రోజు పెడితే బాగుంటుంది. ఆదివారంనాడు కట్టమీద మనం నిలబడడానికి చోటుండదు.